ఆయమ్మ కాచిన రంగు నీళ్ళు

పళ్ళ డాక్టర్లలో చిగుళ్ళ డాక్టరుకు పెద్దగా గుర్తింపు ఉండదు. పన్ను పీకినవాణ్ణి జనం తిట్టుకుంటూనైనా గుర్తుపెట్టుకుంటారు. పన్ను కట్టినవాణ్ణి అద్దంలో చూసుకున్నప్పుడల్లా తలుచుకుంటారు. పీకాల్సిన పన్నును పీకకుండా నిలబెట్టినవాణ్ణి మాత్రం ఎవరూ తలుచుకోరు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగలేదు కదా. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని అదే, ఏమీ జరగకుండా చూడటం. ఈమధ్యే రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన డాక్టర్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, సార్, మీ అనుభవాలు చెప్పండి అంటారు. వాళ్ళకు కావలసింది నేను గెలిచిన కేసులు. నాకు చెప్పబుద్ధయ్యేది మాత్రం నేను చిత్తుగా ఓడిపోయిన సంగతి. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వాగదు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

ముందు నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ముఖ్యంగా ఆకులూ పుల్లలూ అంటే మండిపడేవాణ్ణి. రోజుకు పదిమందైనా కుర్చీలో కూర్చుని, సార్, వేప పుల్ల మంచిదేనా, ఉప్పుతో తోముకోవచ్చా, లవంగం పెట్టుకున్నా అని అడిగేవాళ్ళు. వాళ్ళ పళ్ళ మీద గార పలకలు కట్టి ఉండేది. ఏ ఆకుకూ లొంగని గార అది, పరికరం పెట్టి గీకితే తప్ప ఊడదు. అది చూపించి కడిగి పారేసేవాణ్ణి. ఆకు వైద్యం పేరు చెప్పుకుని ఏళ్ళ తరబడి మా దగ్గరకు రాకుండా ఉంటారు, చిగుళ్ళు కుళ్ళాక వస్తారు అనేది నా అభియోగం. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలియదని నాకు తెలియదు.

నా నోరు మూయించింది ఒక ఫార్మసీ కాలేజీ లెక్చరరు. ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందని వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను అలవాటు ప్రకారం ఆకుల మీద నా ఉపన్యాసం మొదలుపెట్టాను. నోట్లో పరికరాలు ఉన్నవాళ్ళతో వాదించి గెలవడం మా వృత్తిలో ఉన్న ఒక సుఖం. ఆమె మాత్రం చెయ్యెత్తి నన్ను ఆపి, లేచి ఉమ్మేసి, పుక్కిలించి, మరీ వాదించింది. దానిమ్మ తొక్కలో, వేప బెరడులో ఉండే కొన్ని పదార్థాలు చిగుళ్ళలో చేరే క్రిముల్ని అడ్డుకుంటాయనీ, వాపు తీస్తాయనీ, దాని మీద ఎక్కడెక్కడో పని జరుగుతోందనీ, ఒక గవర్నమెంటు డాక్టరు ఇవేవీ చదవకుండా తిట్టడం అన్యాయమనీ చెప్పి మళ్ళీ నోరు తెరిచి పడుకుంది. మిగతా పళ్ళు నేను చాలా మర్యాదగా శుభ్రం చేశాను.

వారం తర్వాత నేనే ఆమెకు ఫోన్ చేశాను. కోపం ఉన్నవాళ్ళకు పంతం కూడా ఉంటుంది. అయితే పరీక్ష పెట్టి తేల్చుకుందాం అన్నాను. ఆమె ఒప్పుకుంది. పైవాళ్ళ అనుమతులు తీసుకున్నాం. పద్ధతి చాలా సులువు. చిగుళ్ళ జబ్బుతో వచ్చిన రోగులందరికీ ముందు గార తీసి లోతుగా శుభ్రం చేస్తాం. తర్వాత సగం మందికి దానిమ్మ తొక్క, వేప బెరడు కాచిన కషాయం ఇస్తాం, మిగతా సగం మందికి చూడటానికి అచ్చం అలాగే ఉండే రంగు నీళ్ళు ఇస్తాం. రోజుకు రెండుసార్లు పుక్కిలించాలి. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, నాకూ తెలియదు. సీసాల మీద నంబర్లు వేసేది ఆ లెక్చరర్ మేడమ్. ఏ నంబరు ఏదన్న జాబితా ఒక కవర్లో పెట్టి, సీలు వేసి ఆమె బీరువాలో దాస్తుంది. మూడు నెలల తర్వాత చిగుళ్ళు చూసి, కొలతలు రాసి, అప్పుడు కవరు తెరవాలి. రెండింటిలో ఏదో ఒకటే వస్తుందని రోగులకు ముందే చెప్పి సంతకాలు తీసుకున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అతను వచ్చాడు. ధర్మసాగర్ దగ్గర పల్లె అతనిది. నలభై దాటిన మనిషి, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. వాళ్ళ తాత సన్నాయి, తండ్రి సన్నాయి, ఇతని దాకా వచ్చేసరికి అది క్లారినెట్ అయింది. ఇంట్లో ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ మాట్లాడే ముస్లిం కుటుంబం. రాముడి పెళ్ళి పాటైనా, నిఖా పాటైనా ఊరేగింపు ముందు నడిచేది అతనే. కుర్చీలో కూర్చుని పై పెదవి ఎత్తి చూపించాడు. ముందు పళ్ళు నాలుగూ వదులై ఉన్నాయి, చిగుళ్ళు ఉబ్బి ఊదా రంగులోకి తిరిగాయి. దానికి తోడు గుట్కా.

"ఊదుతాంటె పైపు మీద పన్ను నిలుస్తలేదు సార్," అన్నాడు. "సుర్రుమంటాంది. పాట నడిమిట్ల ఆగిపోతాంది."

క్లారినెట్ వాయించేటప్పుడు పై పళ్ళు పైపు మూతి మీద ఆనాలట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను వేలితో నాలుగు పళ్ళూ కదిలించి చూసి, ఇవి ఉండవు, తీసేసి ప్లేటు పెట్టుకుంటే మంచిది అన్నాను. అతను ఎత్తిన పెదవి దించుకున్నాడు.

"పెట్టుడు పండ్లతోని అన్నం తినొచ్చు సార్, పాట ఊదరాదు," అన్నాడు. "మా ఓనరు ఇప్పటికే అంటాండు, ఊదరాకపోతె లైట్ల బండి నూకుమని. జర మాఘం పెండ్లిళ్ళ దాక ఆగుండ్రి. గప్పటికి గూడ నిలువకపోతె మీ ఇష్టం, పీకుండ్రి."

ఊరేగింపులో అందరికంటే ముందు నడిచిన మనిషి, వెనక లైట్ల బండి తోయాలి. నాకు జాలి వేసింది. జాలి వేసినప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను. గుట్కా మానేస్తేనే అని అరిచాను. మాఘానికి ఇంకా మూడు నెలల పైనే ఉంది. మా పరీక్షలో చేరతావా, మందు రావచ్చు, నీళ్ళు రావచ్చు అని వివరంగా చెప్పాను. సంతకం పెట్టబోతూ ఆగాడు.

"నాకొచ్చింది మందో నీళ్ళో ఆఖరుకన్న చెప్తరా సార్?"

చెప్తాను, నా మాట అన్నాను. సంతకం పెట్టాడు. ఆ రోజే జేబులోంచి గుట్కా పొట్లాలు తీసి మా చెత్తబుట్టలో వేసి వెళ్ళాడు. అవి మళ్ళీ ఏరుకుంటాడేమోనని నేను కిటికీలోంచి చూశాను కూడా. ఏరుకోలేదు.

అయితే పరీక్ష మొదటి వారంలోనే మాకు దెబ్బ తగిలింది. కేసముద్రం నుంచి వచ్చే ఒక పెద్దమ్మ సీసా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, సారూ, ఇది మందు కాదు, షర్బత్తు, మా మనవరాలు తాగేసింది అంది. మేడమ్ తయారుచేసిన రంగు నీళ్ళు కాల్చిన చక్కెరతో చేసినవి. రంగు వచ్చింది గానీ తియ్యగా ఉన్నాయి. అసలు కషాయమేమో నాలుక పట్టేసేంత వగరు. రోగులు బయట బెంచీ మీద కూర్చుని ఒకరి సీసా ఒకరు రుచి చూసుకుంటున్నారని అప్పుడు తెలిసింది. మన జనం అంతే, ఒకరికి ఇచ్చిన మందు పక్కవాళ్ళు నాలుక మీద వేసుకోకుండా ఉండలేరు. అన్ని సీసాలూ వెనక్కి తీసుకుని, నంబర్లు మార్చి, మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మేడమ్ ఆ పదిహేను రోజులూ యూనివర్సిటీ పరీక్షల డ్యూటీలో ఉంది. కషాయం పంపిస్తాను గానీ కొత్త రంగు నీళ్ళ సంగతి నా వల్ల కాదు, కొంచెం ఆగుదాం అంది. ఆగడం నాకు తెలియదు. రంగు నీళ్ళు నేను చూసుకుంటాను, మీరు వచ్చి నంబర్లు వేస్తే చాలు అన్నాను. చూసుకోవడం అంటే మా ఆయమ్మను పిలవడం.

ఆయమ్మ గురించి చెప్పాలి. మా డిపార్టుమెంటులో తుడవడం, పరికరాలు ఉడకబెట్టడం, టీ పెట్టడం, ఏడ్చే పిల్లల్ని పట్టుకోవడం, నాకు కోపం వచ్చినప్పుడు రోగుల్ని ఓదార్చడం అన్నీ ఆమె పనులే. పాలకుర్తి వైపు పల్లె నుంచి వరంగల్‌కు కోడలుగా వచ్చింది. చదువు ఐదో తరగతి. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఒక్క మాట అటూ ఇటూ కాదు. నేను ఆమెకు అసలు కషాయం రుచి చూపించాను. ఒక కాగితం మీద దానిమ్మ తొక్క, వేప బెరడు అని రాసి ఇచ్చాను. ఈ రెండూ పడకూడదు, రంగు ఇలాగే ఉండాలి, వగరు ఇలాగే ఉండాలి, మందు మాత్రం ఉండకూడదు అన్నాను. ఎందుకు ఏమిటి అని వివరించలేదు. ఆయమ్మకు వివరించేదేమిటని నా ఉద్దేశం.

ఆమె కాగితం రెండుసార్లు చదువుకుంది. "వగరు రావాలె, మందు ఉండొద్దు. గంతేనా సార్?"

అంతే అన్నాను. మర్నాడు గ్లాసులో తెచ్చి ఇచ్చింది. నేను కళ్ళు మూసుకుని రెండూ రుచి చూశాను, ఏది ఏదో పట్టుకోలేకపోయాను. నిజంగా ఆశ్చర్యపోయాను. అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా. ఎలా చేశావని మాత్రం అడగలేదు. తర్వాత మేడమ్ నంబర్లు వేయడానికి వచ్చి ఇందులో ఏముంది అని అడిగితే, టీ పొడి, అలాంటివి, నేను చూసుకున్నాను కదా అన్నాను. చూసుకోలేదు. ఆ ఒక్క అబద్ధం ఎంత పనిచేసిందో మీకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత మూడు నెలలూ వారానికోసారి మా వెనక గదిలో గ్యాస్ పొయ్యి మీద ఆయమ్మ ఆ నీళ్ళు కాస్తూనే ఉంది. నేను ఆ గది ముందు నుంచి రోజూ వెళ్ళేవాణ్ణి. తలుపు తీసి చూసిన పాపాన పోలేదు.

రోగులు వస్తున్నారు, పోతున్నారు. నెల తిరిగేసరికి క్లారినెట్ భాయ్ చిగుళ్ళు రంగు మారాయి. ఊదా రంగు పోయి ఎరుపు, తర్వాత గులాబీ. చిగురుకూ పంటికీ మధ్య సందులో లోతు కొలిచే పుల్ల పెడితే మునుపటంత లోతుకు దిగడం లేదు, రక్తం రావడం లేదు. మూడో నెలలో ముందు పళ్ళు నాలుగింటిలో మూడు గట్టిపడ్డాయి. అతను క్లారినెట్ పట్టుకొచ్చి, నా కుర్చీలోనే కూర్చుని ఒక చరణం ఊదాడు. బయట క్యూలో ఉన్నవాళ్ళంతా తలుపు దగ్గరకు వచ్చేశారు. సూపరింటెండెంటు మనిషిని పంపి ఇది దవాఖానా, పెళ్ళి పందిరా అని అడిగించాడు. నేను మాత్రం పొంగిపోయాను. ఇతనికి వచ్చింది అసలు కషాయమే, అనుమానం లేదు, నీళ్ళతో ఇలా అవుతుందా అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. హనుమకొండలో జరగబోయే జిల్లా దంత వైద్యుల సమావేశంలో ఈ విషయం మీద మాట్లాడతానని పేరు కూడా ఇచ్చేశాను. మూడు నెలల కింద ఆకుల్ని తిట్టిన నోరే అది.

కవరు తెరిచే రోజు శనివారం మధ్యాహ్నం. ఓపీ అయిపోయింది. మేడమ్ వచ్చింది, నా కింద పనిచేసే ఇద్దరు జూనియర్ డాక్టర్లు ఉన్నారు. నేను ముందుగానే మిర్చీ బజ్జీలు తెప్పించాను. ఆయమ్మ టీ పెట్టి తెచ్చింది. మేడమ్ సీలు తీసింది. నేను ముందు క్లారినెట్ భాయ్ నంబరు చెప్పి, ఇది చదవండి మొదట అన్నాను.

మేడమ్ వేలు జాబితా మీద కిందికి జరిగి ఆగింది. "రంగు నీళ్ళు," అంది.

మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే. సరే, ఒక్కడే కదా, గుట్కా మానేశాడు, శుభ్రం చేశాం, ఒకోసారి అవుతుంది అనుకుని మిగతావి చదవమన్నాను. ఆమె చదువుతూ ఉంటే జూనియర్లు రెండు వరసల్లో రాస్తూ పోయారు. కషాయం పుక్కిలించినవాళ్ళూ బాగుపడ్డారు. రంగు నీళ్ళు పుక్కిలించినవాళ్ళూ బాగుపడ్డారు. రెండు వరసలకూ తేడా లేదు. అంటే మా కషాయం వల్ల ప్రత్యేకంగా ఒరిగింది ఏమీ లేదని అర్థం. బజ్జీ నా చేతిలోనే ఉంది. నా మొహం చూసి జూనియర్లు కాగితాల్లోకి తల దించేశారు.

కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ తప్పు వెతకడం నా జబ్బు. మీరు నంబర్లు తారుమారు చేశారా అని మేడమ్‌ను అడిగాను. ఆమె చాలా నెమ్మదిగా టీ కప్పు కింద పెట్టింది. తన ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్క లేబుల్ తప్పు అతికించలేదంది. మరి ఉత్త నీళ్ళతో చిగుళ్ళు ఎలా బాగుపడతాయని నేను గొంతు పెంచాను. అప్పుడు తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ మాట్లాడింది.

"ఉత్త నీళ్ళు యాడియి సార్? జామ చిగురు, తుమ్మ చెక్క ఏసి కాషిన గద."

అందరం ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాం. ఆమెకు భయం వేసినట్టుంది, కొంగులోంచి ఆ పాత కాగితం తీసింది. మూడు నెలలుగా దాచుకుని ఉంది. "మీ కాయితంల రాసినయి ఒక్కటి ఎయ్యలే సార్. దానిమ్మ ఎయ్యలే, వేప ఎయ్యలే. మందుల షాపు దిక్కు సుత పోలే. వగరు రావాలంటిరి. ఉత్త నీళ్ళకు వగరు యాడికెల్లి వస్తది?"

ముందు నవ్వింది మేడమ్. కుర్చీలో వెనక్కి వాలిపోయి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత నాకు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఆ వగరే మందట. దానిమ్మ తొక్క నాలుకను పట్టేసేది దేనివల్లో, జామాకు, తుమ్మ చెక్క కూడా పట్టేసేది ఆ జాతి పదార్థాల వల్లే. టానిన్లు అంటారు వాటిని. చిగుళ్ళ మీద పనిచేస్తాయని మేం ఆశపెట్టుకున్న వాటిలో అవే ముఖ్యం. "మందు వద్దు, వగరు కావాలి అన్నారు మీరు," అంది. "నిప్పు వద్దు, వేడి కావాలి అన్నట్టు." నేను మూడు నెలల పాటు ఒక కషాయాన్ని ఇంకో కషాయంతో పోల్చి చూశానన్నమాట. రెండూ ఒకేలా ఉండటంలో వింతేముంది.

ఇది నీకెవరు నేర్పారని ఆయమ్మను అడిగాను. వాళ్ళ అత్తగారట. పల్లెలో చిగుళ్ళు వాచినా, నోరు పూసినా అదే కాచి పుక్కిలించేవాళ్ళట. ఇన్నేళ్ళు నా పక్కన పనిచేసి ఒక్కరోజు చెప్పలేదేమని అడిగితే ఆమె జూనియర్ల వైపు చూసింది. వాళ్ళు చెప్పారు. ఆకు పేరెత్తిన వాళ్ళను నేను ఏం చేసేవాణ్ణో ఆమె రోజూ చూస్తూనే ఉంది కదా.

ఇంటికి వెళ్ళాక నవ్వు పోయి దిగులు పట్టుకుంది. సమావేశం ఎనిమిది రోజుల్లో ఉంది. జూనియర్లలో ఒకతను మంచి మనసుతోనే ఫోన్ చేసి ఒక సలహా ఇచ్చాడు. రంగు నీళ్ళ వరస వదిలేద్దాం సార్, కషాయం పుక్కిలించినవాళ్ళు బాగుపడ్డారు కదా, అది అబద్ధం కాదు కదా, అంతవరకే చెప్పండి అన్నాడు. ఆదివారమంతా ఆ మాట నాకు చాలా ఇంపుగా వినబడిందని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఉపన్యాసం అలాగే రాసుకున్నాను కూడా.

సోమవారం పొద్దున క్యూలో మొదటి మనిషి క్లారినెట్ భాయ్. మర్నాడే సీజన్‌లో మొదటి పెళ్ళి, కొత్త యూనిఫాం కుట్టించుకున్నాడట. పళ్ళు చూశాను. బాగున్నాయి. అతను మాత్రం లేవలేదు. కుర్చీలోనే కూర్చుని నా వైపు చూశాడు.

"చెప్తనన్నరు సార్. మందా, నీళ్ళా?"

ఇతనితో అబద్ధం చెబితే సమావేశంలో కూడా చెప్పగలను, ఇతనితో నిజం చెబితే అక్కడా చెప్పక తప్పదు. అది నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. అందుకే రెండు నిమిషాలు అనవసరంగా చేతులు కడుక్కున్నాను. తర్వాత మొత్తం చెప్పాను. నీకు నీళ్ళు రావాల్సింది, నేను మా ఆయమ్మకు సరిగా చెప్పలేదు, ఆమె జామాకు కాచింది, అదే నువ్వు పుక్కిలించింది అన్నాను. నీ పళ్ళు నిలబడింది దానివల్లో, శుభ్రం చేయడం వల్లో, గుట్కా మానడం వల్లో నేను విడదీసి చెప్పలేను, నా పరీక్ష పాడైపోయింది అన్నాను.

అతను అంతా విని పై పెదవి ఎత్తి, అద్దంలో ఒకసారి చూసుకున్నాడు.

"నాకైతె పండ్లున్నయి సార్," అన్నాడు. "పోయింది మీ కాయితమొక్కటే. గదానికి గింత ఫికర్ ఎందుకు?"

అని లేచి, నన్ను దాటి, వెనక గదిలోకి ఆయమ్మ దగ్గరకు వెళ్ళాడు. అక్కా, ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు కాగాలె అని అడుగుతున్నాడు. దోసెడు చిగురుకు చెంబెడు నీళ్ళు, సగమయ్యే దాక కాగాలె తమ్మీ, సల్లారినంక వడగట్టు, మింగకు అని ఆమె చెబుతోంది. నాకు ఆ గది తలుపు దగ్గర నిలబడి వినడం అదే మొదటిసారి. నా కాగితం ఒక్కటే పోయింది నిజమే. మూడు నెలలుగా దేనికోసం ఆరాటపడుతున్నానో అతను ఒక్క మాటలో నా ముందు పెట్టాడు. ముందురోజు రాసుకున్న ఉపన్యాసం చింపేశాను.

హనుమకొండలో ఆ ఆదివారం నేను వేదికెక్కి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయమ్మ కాగితం కూడా చూపించాను. హాలు హాలంతా నవ్వారు, నేను కూడా నవ్వాను. భోజనాల దగ్గర నాకంటే పెద్ద డాక్టరు ఒకాయన పక్కకు పిలిచాడు. మందలిస్తాడనుకున్నాను. జామ చిగురా, ముదురు ఆకా అని అడిగి కాగితం మీద రాసుకుని వెళ్ళాడు.

ఆ పరీక్ష తర్వాత మళ్ళీ చేశాం. ఈసారి మూడు వరసలు. మేడమ్ కషాయం, ఆయమ్మ కషాయం, నిజంగా ఉత్త నీళ్ళు, వాటికి వగరు లేని సంగతి దాచలేకపోయినా. ఉత్త నీళ్ళు మేడమ్ తాళం వేసిన గదిలో తయారుచేసింది, ఆ గదిలోకి ఆయమ్మకూ నాకూ ప్రవేశం లేదు. గొప్పలు చెప్పుకునేంత ఫలితమేమీ రాలేదు. గార తీసి శుభ్రం చేసినాక ఆ రెండు కషాయాలూ చిగుళ్ళ వాపు, రక్తం తగ్గడానికి కొంత సాయం చేసినట్టు కనిపించింది. కట్టిన గారను ఏ ఆకూ కదిలించలేదు. చిన్న పరీక్ష, చిన్న ఫలితం. అయినా నా మాటతీరు మారిపోయింది. వేప పుల్ల మంచిదేనా సార్ అని అడిగినవాళ్ళతో, మంచిదే, కానీ చిగురు గీరుకోకు, ముందు గార తీయించుకో, ఆ తర్వాత అది మళ్ళీ కట్టకుండా రోజూ తోముకో, పుక్కిలించు అని చెప్పడం నేర్చుకున్నాను. కుర్రడాక్టర్లకు నేను చెప్పేది ఇంతే. రోగి ఏదైనా ఆకు పేరు చెబితే తిట్టే ముందు అది వగరుగా ఉందో లేదో అడగండి. మీ పక్కన పనిచేసేవాళ్ళకు పని చెప్పినప్పుడు ఎందుకో కూడా చెప్పండి. వాళ్ళు ఏం చేశారో అడగండి, అడిగి వినండి.

నా కంటే ఏడాది ముందు ఆయమ్మ రిటైరైంది. దండ వేసి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిద్దామని మేం ఓపీ హాల్లో చేరాం. ఇంతలో గేటు దగ్గర బ్యాండు మోగింది. పూర్తి మేళం, ఎర్ర యూనిఫాంలు. ముందు నడుస్తున్నది క్లారినెట్ భాయ్, జుట్టు నెరిసింది. అక్క కోసం వచ్చినం అన్నాడు. సూపరింటెండెంటు ఈసారి మనిషిని పంపలేదు, తనే వచ్చి నిలబడ్డాడు. ఆయమ్మను ముందు నడిపించి, ఓపీ నుంచి గేటు దాకా ఊరేగించారు. రోగులు ఉమ్మిగిన్నెలు పట్టుకుని మరీ చూశారు. అందరూ పాట వింటున్నారు. నేను మాత్రం అతని పై పళ్ళు పైపు మీద ఆనిన చోటే చూస్తూ నడిచాను. ఆమె నవ్వుతూ ఏడ్చింది, ఎందుకో నాకూ కళ్ళు తడిశాయి.

పాట అయిపోయాక అతనే నా దగ్గరకు వచ్చి, నేను అడగకుండానే నోరు తెరిచాడు. అందరి ముందూ వేలు పెట్టి నాలుగు పళ్ళూ కదిలించి చూశాను. మూడు రాయిలా ఉన్నాయి. ఎడమ వైపుది ఒకటి, ఎప్పటిలాగే, కొంచెం ఊగింది. ఇది ఇంకా కదులుతోందేమయ్యా అన్నాను.

"గదొక్కటి మీ కోసం ఉంచిన సార్," అన్నాడు. "అది సుత గట్టిపడితె ఇంక మీ దగ్గెరికి ఎందుకొస్త?"